మొదటి బిందె

నమోదు 4,007
హస్త కార్తె, మూడో రోజు, సోమవారం

సాక్షి గ్లాసు తాగాను. ముప్పై పాళ్లు. చేతులు నిలకడగా ఉన్నాయి.

ఈ మూడు ముక్కలూ రాశాకే ఈ పుస్తకంలో మరేదైనా రాయాలని నిబంధన. ఆ తర్వాత ఏం రాసినా అడిగే నాథుడు లేడు. పదకొండేళ్లుగా రాస్తున్నాను. ఎగువ నుంచి రసాయన భద్రతా మండలి వాళ్లెవరూ దీన్ని తెరిచి చూసిన పాపాన పోలేదు. అందువల్ల ఈ పుస్తకంలో నాకు కాస్త నోరెక్కువ.

సోమవారం గనక గ్లాసు లాబ్‌లో కాకుండా మూడో ట్యాంకు మెట్ల మీద, జనం ముందు తాగాలి. వాన నీళ్లు కారిపోకుండా మా ట్యాంకులకీ పైపులకీ లోపల నీలిపూత వేశారు. ఆ పూత నుంచి నీళ్లలోకి దిగే ఊట ముప్పై పాళ్లు దాటకూడదని హద్దు పెట్టింది నేను. హద్దు పెట్టినవాళ్లు రోజూ సరిగ్గా ఆ హద్దు మేరకు ఊట కలిపిన గ్లాసు తాగి, తాము బాగానే ఉన్నామని చూపించాలి. అదీ సాక్షి చట్టం. చట్టంలో ఉన్నది తాగడం ఒక్కటే. గ్లాసు అంచుదాకా నింపి, చెయ్యి చాచి, జనం ఇరవై లెక్కపెట్టేదాకా చుక్క తొణక్కుండా పట్టుకోవాలన్నది మాత్రం సముద్రం మీద ఎత్తుగా కట్టుకున్న ఈ ఏడో మెరక వాళ్లు సొంతంగా చేర్చుకున్న ముచ్చట. మొదటి ఏడాది నాకు చిరాకేసేది. ఇప్పుడు, నిజం చెప్పాలంటే, గర్వంగా ఉంటుంది.

లెక్కపెట్టడంలో ఎప్పుడూ పెద్ద గొంతు కొక్కిలిగడ్డ రూతమ్మది. వలలు అల్లే మనిషి. ఇరవై అయ్యాక "అమ్మగారి సెయ్యి రాటలాగుంది, ఇక తాగొచ్చు నీళ్లు" అని అందరికీ వినిపించేలా ప్రకటించి బిందె ఎత్తుకునేది. ఈరోజు లెక్కపెట్టింది గానీ ఆ మాట అనలేదు. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని నిలబడింది. చలి ఇంకా రాలేదు కదా అనుకున్నాను, అంతటితో వదిలేశాను.

నమోదు 4,008
హస్త కార్తె, నాలుగో రోజు

గ్లాసు తాగాను. ముప్పై పాళ్లు. చేతులు నిలకడగా ఉన్నాయి.

రూతమ్మ భర్త దావీదు మా లాబ్‌కి నమూనాలు తెచ్చే మనిషి. నాకన్నా ఆరేళ్లు పెద్ద. పొద్దున్నే ఆరు ట్యాంకుల కింది వీధి కుళాయిల దగ్గర నీళ్లు సీసాల్లో పట్టి, ఒక్కో మూతకి చీటీ కట్టి, నా బల్ల మీద వరసగా పెడతాడు. పదకొండేళ్లలో ఒక్క సీసా పగలగొట్టలేదు, ఒక్క రోజు నాగా పెట్టలేదు. ఆ నీళ్లని ముక్కు వాసన చూసి ఊట ఎంతుందో చెబుతుంది. ముక్కు అంటే మా కొలత యంత్రం. దాని అసలు పేరు ఊళ్లోవాళ్లకే కాదు, నాకూ సగమే గుర్తుంది. ఈరోజు ఆరు సీసాలు: 19, 18, 21, 19, 20, 19. ఎప్పటిలాగే.

సీసాలు పెట్టాక దావీదు వెళ్లలేదు.

"ఏంటి దావీదన్నా?"

"ఏం లేదండీ. పడవల వీరాసామి మాయింటిదాని వలలు తిప్పి పంపేశాడండి."

"ఎందుకు?"

"ముడి నిలవట్లేదంటండి. సేపలు జారిపోతన్నాయంట. ముప్పయ్యేళ్ల నించి అల్లతంది, ఎవరి దగ్గరా ఇట్టాంటి మాట పళ్లేదు."

"కళ్లు మసకలేమో, చూపించు."

"కళ్లు కాదండీ, సేతులు." సీసాల మూతల చీటీలు సవరించాడు. "మీకు సెప్పొద్దందండి. సోమారం నాడు మీ ఎదురుగా నిలబడాలంటే సిగ్గంట."

వణికేది తన చేతులైతే నా ఎదుట సిగ్గెందుకో ముందు అర్థం కాలేదు. దావీదు వెళ్లాక అర్థమైంది. అమ్మగారు ముప్పై పాళ్లు తాగుతుంది, మనం తాగేది ఇరవైయే. ఆవిడకి రాని వణుకు మనకొచ్చిందంటే లోపం మన ఒంట్లోనే ఉంది. ఇదీ రూతమ్మ లెక్క. దాపరికం ఎందుకు, ఈ ఉదయం దాకా నా లెక్కా అదే.

నమోదు 4,010
హస్త కార్తె, ఆరో రోజు

గ్లాసు తాగాను. ముప్పై పాళ్లు. చేతులు నిలకడగా ఉన్నాయి.

మధ్యాహ్నం రూతమ్మ ఇంటికి వెళ్లాను. తూర్పు వరసలో, మెరక అంచున ఉంటుంది. కమ్మీ మీంచి తొంగి చూస్తే నలభై అడుగుల కింద సముద్రం. నీళ్లు తేటగా ఉన్న రోజున మునిగిపోయిన పాత ఊరి బడి కప్పు కనిపిస్తుంది. మెరక ఎక్కిన మొదటి రోజు నుంచీ ఇక్కడొక పద్ధతి ఉంది. పొద్దున కుళాయి తిప్పగానే నిండిన మొదటి బిందె కింద ఊరిది. దాన్నెవరూ తాగరు. అంచు మీంచి కిందికి పోసేసి, రెండో బిందె నుంచి ఇంటికి పట్టుకుంటారు. తూర్పు వరస ఆడవాళ్లు, నీళ్లు ఎలాగూ కిందికే పోతున్నాయి, దారిలో నాలుగు ఆకులు తడిస్తే కింద ఊరు ఏమీ అనుకోదులే అని, పోసే చోటల్లా తొట్టెలు పెట్టి బచ్చలి తీగ వేసుకున్నారు. దాని పేరు దీవెన కూర. బాలింతలకీ, జ్వరంతో పడి లేచినవాళ్లకీ ముందు అదే పెడతారు.

రూతమ్మ కొంగులోంచి చేతులు తీయడానికి చాలాసేపు ఇష్టపడలేదు.

"సూడండమ్మా, ఎట్టా ఆడతన్నాయో. పాడు సేతులు."

"నొప్పి ఉందా?"

"నొప్పుంటే బాగుండు. నొప్పెడతందని పడుకుందును. ఏవీ లేదు, నా మాట ఇనవు. అంతే."

పావుగంట సేపు వల అల్లమని, పక్కన కూర్చుని లెక్కపెట్టాను. తొమ్మిది ముడులు వేసింది. నాలుగు లాగితే ఊడిపోయాయి. ఒకప్పుడు పావుగంటకి నలభై వేసేదాన్నని తనే చెప్పింది. నేను రాసుకుంటుంటే కాగితం వైపు చూడలేదు.

ఇంతలో పక్కింటి సామ్రాజ్యం గిన్నెతో వచ్చింది. బచ్చలిపప్పు. "రోజూ రెండు పూటలా తినిపిత్తన్నామండీ. తగ్గుద్ది, ఎందుకు తగ్గదు? మీరూ ఓ ముద్ద తినండి అమ్మగారూ" అంది. సాక్షి తిండి వేరే. ఎగువ నుంచి మూత వేసిన డబ్బాల్లో వస్తుంది. గ్లాసులోంచి తప్ప మరే దారినా ఊట నా ఒంట్లోకి పోకూడదు, పోతే పరీక్ష చెడుతుంది. పదకొండేళ్లలో ఈ మెరక మీద ఉడికినదేదీ నేను నోట పెట్టలేదు. వెల్లుల్లి తాలింపు వాసన ఆపడం మాత్రం ఏ చట్టం వల్లా కాలేదు.

"ఇంకెవరికైనా ఉందా ఈ వణుకు?" అని సామ్రాజ్యాన్ని అడిగాను.

ఆమె వేళ్లు మడవడం మొదలుపెట్టింది. రెండు చేతులూ చాల్లేదు.

నమోదు 4,015
హస్త కార్తె, పదకొండో రోజు

గ్లాసు తాగాను. ముప్పై పాళ్లు. చేతులు నిలకడగా ఉన్నాయి.

ఐదు రోజులుగా ఇంటింటికీ తిరిగాను. పరీక్ష వాళ్లదే. నిండు గ్లాసు, చాచిన చెయ్యి, ఇరవై లెక్క. నన్ను పదకొండేళ్లు నిలబెట్టినవాళ్లు తమ వంతు వచ్చేసరికి తెగ సిగ్గుపడ్డారు. ఒక ముసలాయన గ్లాసు సగమే నింపుకుని పట్టుకుంటానని బేరమాడాడు.

తూర్పు వరసలో నాలుగు వందల మందిని చూశాను. ఇరవై లోపు తొణికించినవాళ్లు ముప్పై ఒక్కరు. పడమర వరసలోనూ నాలుగు వందల మందినే చూశాను. తొణికించినవాళ్లు ముగ్గురు, ముగ్గురూ డెబ్బై దాటినవాళ్లే. తూర్పు వాళ్ల ముప్పై ఒక్కరిలో ఆరుగురు ఈ ఏడాది బాలింతలు.

రెండు వరసలూ తాగేది ఆ ఆరు ట్యాంకుల నీళ్లే. పడమర ఉప్పుగాలికి అటు తీగలు బతకవు. తేడా అదొక్కటే కనిపిస్తోంది. కానీ ఇరవై పాళ్ల నీళ్లతో పెరిగిన ఆకులో అంత ఊట ఎక్కడి నుంచి వస్తుంది? రేపు దావీదుతో పాటు నేనూ కుళాయిల దగ్గరికి వెళ్తాను. ఆ పని చేసి తొమ్మిదేళ్లయింది.

నమోదు 4,016
హస్త కార్తె, పన్నెండో రోజు

గ్లాసు తాగాను. ముప్పై పాళ్లు. చేతులు నిలకడగా ఉన్నాయి.

పొద్దున్నే మూడో ట్యాంకు కింది కుళాయి దగ్గరికి వెళ్లాం. దావీదు కుళాయి తిప్పి బిందె నింపాడు. నిండగానే భుజానికెత్తుకుని అంచు దాకా వెళ్లి, కళ్లు మూసుకుని ఏదో అనుకుని, కిందికి పోశాడు. వెనక్కి వచ్చి రెండో బిందె పెట్టి, అందులోంచి నా సీసా నింపాడు. చీటీ కట్టాడు.

"ఆ మొదటి బిందె ఏం చేశావు దావీదన్నా?"

"కింద ఊరికి పోశానండి." నేనేదో తెలిసిన విషయమే అడిగినట్టు చూశాడు.

"రోజూ అంతేనా? నమూనా పట్టేటప్పుడు కూడా?"

"మీరిచ్చిన పద్ధతుల పుస్తకంలోనే ఉందిగదండీ. ఇంటోళ్లు తాగడానికి ఎట్టా పట్టుకుంటారో అట్టాగే పట్టాలని."

ఉంది. ఆ వాక్యం రాసింది నేనే. రాసినప్పుడు దాన్ని చూసి మురిసిపోయాను కూడా. జనం తాగే నీళ్లనే కొలవాలి, మరో నీళ్లని కాదు అని ఎగువ వాళ్లతో వారం రోజులు వాదించి మరీ పెట్టించాను. రాత్రంతా పైపులో కదలకుండా పూతని అంటిపెట్టుకుని ఉన్న నీళ్లన్నీ ఆ మొదటి బిందెలోకే వస్తాయి. పదకొండేళ్లుగా వాటిని కొలవకుండా పారబోశాం. పారబోసింది నేరుగా ఆకుకూర మీద. నేను ఆ ఆకుకూర తినను. కాబట్టి ఊళ్లో అందరికన్నా ఎక్కువ తాగుతున్నానని పేరు పొందిన నా ఒంట్లోకి తూర్పు వరసలో ఎవరికన్నా తక్కువే వెళ్లింది.

కుళాయి గట్టు మీద కూర్చుండిపోయాను. దావీదు కంగారుపడి నీళ్లు ఇవ్వబోయాడు.

నమోదు 4,018
చిత్త కార్తె, మొదటి రోజు

గ్లాసు తాగాను. ముప్పై పాళ్లు. చేతులు నిలకడగా ఉన్నాయి.

ముక్కు చెప్పింది. రెండో బిందె 19. మొదటి బిందె 212. రూతమ్మ తీగ మీది ఆకు, ఎండు బరువు మీద, 1,900. ఇంకో తీగ ఆకు, ఇంకో కుళాయి నీళ్లు పెట్టి మళ్లీ చూశాను. కాస్త అటూ ఇటూగా అంతే.

తూర్పు వరసంతా తిరిగి కూర తినొద్దని చెప్పాను. చివరికి రూతమ్మ ఇంటికి వెళ్లాను.

"తగ్గుద్దని తింటన్నానమ్మా" అంది. "రెండు పూటలా తినమన్నారు, తిన్నా. సామ్రాజ్యం తన పిల్లలకి తగ్గించి మరీ నాకు తెచ్చి పెట్టింది."

"తెలియక చేశారు రూతమ్మా."

"మీకు తెలియాలి గదమ్మా. అందుకేగా మీరుంది."

ఆ మాట అంటున్నప్పుడు గొంతులో కోపం లేదు. ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది నాకు. ఆ తర్వాత, వణుకు పోతుందా అని అడిగింది. నాకు తెలియదన్నాను. నరాల్లోకి దిగింది వెనక్కి వస్తుందో రాదో నిజంగానే తెలియదు.

నమోదు 4,021
చిత్త కార్తె, నాలుగో రోజు, సోమవారం

గ్లాసు తాగాను. ముప్పై పాళ్లు. చేతులు నిలకడగా ఉన్నాయి. మెట్ల మీద లెక్కపెట్టినవాళ్లు తక్కువ. రూతమ్మ రాలేదు.

ఎగువతో మాట్లాడాను. రసాయన భద్రతా మండలి కార్యదర్శి జంపన అచ్యుతరామరాజుగారు. మర్యాదస్తుడు, తెలివైనవాడు. నేను పంపిన అంకెలన్నీ చదివే కూర్చున్నారు.

"కూర తినొద్దని ఉత్తర్వు ఇచ్చేద్దాం హైమావతిగారూ. మొదటి బిందె తొట్టెల్లో పోయకుండా నేరుగా సముద్రంలో పోసుకోమనండి. సరిపోతుంది కదా?"

"పైపుల్లో పూత పాడవుతోందని నా అనుమానం. ట్యాంకుల్లో ఉన్నదీ అదే పూత. పైపుల తర్వాత ట్యాంకుల వంతే."

"అనుమానం అన్నారు. పదేళ్ల కిందటి మొదటి బిందె నీళ్లు కొలిచిన అంకె ఒక్కటైనా ఉందా? ఇది అప్పటి నుంచీ ఇంతే ఉందో, పెరుగుతోందో ఎలా తెలుస్తుంది?"

లేదు. నా నమూనాలన్నీ రెండో బిందెవే. గత వేసవిలో రెండు ట్యాంకులు 26, 27 చూపిస్తే, నీళ్లు తగ్గినప్పుడు అలాగే ఉంటుందిలే అని నేనే పక్కన పెట్టాను. అదీ చెప్పాను.

"మూడు కాలాలు కొలవండి. పెరుగుతోందని తేలితే ట్యాంకుల సంగతి మాట్లాడుకుందాం. హద్దు ఎత్తేస్తే నీలిపూత నీళ్లకి అనుమతి పోయినట్టే, ట్యాంకులు ఖాళీ చెయ్యాలి. తొమ్మిది వేల మందికి వేసవిలో నీళ్లు తక్కువైతే ఏమవుతుందో ఆ లెక్క కూడా మీ దగ్గరే ఉండాలి కదా."

ఆయన అడిగింది తప్పు కాదు. ఆయన కుర్చీలో ఉంటే నేనూ అదే అడుగుతాను. ఒళ్లు మండింది మాత్రం అందుకే. మూడు కాలాలు ఆగడమంటే రాబోయే స్వాతి వానల్నీ ఈ పూత మీదే పట్టి, ఈ ట్యాంకుల నీళ్లే ఇంకో ఏడాది తాగించడం.

నమోదు 4,023
చిత్త కార్తె, ఆరో రోజు

గ్లాసు తాగాను. ముప్పై పాళ్లు. చేతులు నిలకడగా ఉన్నాయి.

దావీదుతో ఊరికే గోడు వెళ్లబోసుకున్నాను. పాత మొదటి బిందె నీళ్లు ఒక్క సీసా ఎక్కడైనా మిగిలి ఉంటే ఎంత బాగుండేదని. అతను బుర్ర గోక్కున్నాడు.

"నీళ్లెక్కడుంటాయండీ? ఆకులైతే ఉన్నాయి."

"ఏ ఆకులు?"

తూర్పు వరసలో సంగతి ఇది. మెరక ఎక్కి ఎన్నేళ్లయిందో గుర్తుండడానికి ఏటా తీగ మొదటి కోతలో ఒక ఆకు దాస్తారట. చాలామంది ఇళ్లలో ఉప్పుగాలికి పొడైపోయాయి. రూతమ్మ బైబిల్లో పెట్టింది. మధ్యాహ్నం ఇద్దరమూ వెళ్లి అడిగాం. ఆమె బైబిల్ తెచ్చి చాప మీద పెట్టి, వణికే వేళ్లతో పేజీలు తిప్పలేక దావీదుకి ఇచ్చింది. పదకొండు ఆకులు, పదకొండు చోట్ల. కాగితంలా పలచబడి, పేజీల మీద ఊదారంగు మరకలు దిగి ఉన్నాయి. ప్రతి ఆకు పక్కనా పెన్సిల్‌తో ఏడాది అంకె ఉంది.

"వీటిని కాల్చి చూడాలి రూతమ్మా. మళ్లీ తిరిగి ఇవ్వలేను."

"అన్నీనా?"

"అన్నీ."

మూడో ఆకు దగ్గర వేలు పెట్టింది. ఆ ఏడు మనవరాలు పుట్టిందట. ఆరో ఆకు ఏడు తమ్ముడు పడవ మీంచి పడి పోయాడట. ఒక్కొక్కటీ చెప్పింది, నేను విన్నాను, అవి ఇక్కడ రాయను. చివరికి "తీసుకెళ్లండి. ఎన్నేళ్లయిందో నాకు గురుతే" అంది. కాగితం నుంచి ఏమీ అంటలేదని తేల్చుకోవడానికి ఒక ఖాళీ కాగితం కూడా కావాలన్నాను. దేవుడి వాక్యం ఉన్న పేజీ చించొద్దని, వెనక అట్ట దగ్గర తెల్ల కాగితం చించి ఇచ్చింది.

నమోదు 4,026
చిత్త కార్తె, తొమ్మిదో రోజు

గ్లాసు తాగాను. ముప్పై పాళ్లు. చేతులు నిలకడగా ఉన్నాయి.

తెల్ల కాగితం: సున్నా. ఆకులు, మొదటి ఏడు నుంచి వరసగా: 58, 61, 70, 88, 120, 165, 240, 390, 640, 1,100, 1,900.

ఈ అంకెల్ని నేను ముప్పై ఏళ్ల ఉద్యోగంలో చూసిన ఏ అంకెల కన్నా ఎక్కువసేపు చూశాను. పూత ఏటా పాడవుతోంది. పాడవడం ఏటా వేగం పుంజుకుంటోంది. గత వేసవి నేను పక్కన పెట్టిన 26, 27 పొరపాటు అంకెలు కావు. ట్యాంకుల వంతు మొదలైంది. వచ్చే వేసవికి రెండో బిందె కూడా ముప్పై దాటుతుంది. ఆపై ఏటికి ఎంతో చెప్పడానికి ఆకులు చాలు.

రాజుగారు అడిగిన రెండో లెక్క కూడా వేశాను. హద్దు ఎత్తేసి, మూడు ట్యాంకులు ఇప్పుడే, మిగతావి ఆ తర్వాత ఖాళీ చేసి, పూత గోకి పాత పద్ధతిలో సున్నం గచ్చు వేస్తే స్వాతి, విశాఖ వానలు కొంతైనా పట్టొచ్చు. గచ్చు కారుతుంది, నాలుగో వంతు పోతుంది. వేసవిలో తలకి రోజుకి పది చెంబులు. ఇప్పుడు ఇరవై ఐదు. నీళ్లు చాలక రోగాలతో మంచం పట్టేవాళ్లు పదిహేను నుంచి నలభై మంది. ఆగితే రెండేళ్లలో చేతులు పోయేవాళ్లు ఆరు వందల పైనే. రెండు అంకెలూ పంపాను.

ఆయన జవాబు గంటలో వచ్చింది. "మీ లెక్కలో తప్పు పట్టలేకపోతున్నాను. కానీ ఒక ఇంటి బైబిల్లోని పదకొండు ఆకులు చూపించి మండలిని ఒప్పించలేను. మూడు కాలాలు కొలవండి, ఆ కొలతలకి మీరే అధికారిగా ఉండండి." చివర్లో ఇంకో వాక్యం ఉంది. హద్దు పెట్టిన చెయ్యి దాన్ని ఒక్కసారి తనంతట తాను ఎత్తేయొచ్చని, అప్పుడు ఆ చెయ్యి మళ్లీ ఏ హద్దూ పెట్టకూడదని చట్టంలో ఉన్న సంగతి నాకు గుర్తుండే ఉంటుందని. బెదిరించడానికి రాశారో, దారి చూపించడానికి రాశారో ఎన్నిసార్లు చదివినా తేలలేదు.

నమోదు 4,027
చిత్త కార్తె, పదో రోజు

గ్లాసు తాగాను. ముప్పై పాళ్లు. చేతులు నిలకడగా ఉన్నాయి.

హద్దులు పెట్టడానికి మండలి ఇచ్చిన ముద్ర బల్ల మీద పెట్టుకుని పొద్దంతా కూర్చున్నాను. భయంగా ఉంది. మంచం పట్టే ఆ నలభై మంది పేర్లు వేసవిలో తెలుస్తాయి, అవి నా ఖాతాలోకే వస్తాయి. కాపాడబడే ఆరు వందల మంది పేర్లు ఎప్పటికీ ఎవరికీ తెలియవు. ముద్ర ఉంచుకుంటే రేపు ఇంకేదైనా మంచి చెయ్యొచ్చు కదా అని కూడా అనిపించింది. ఆ ఆలోచన మరీ ఇంపుగా ఉంది. అందుకే అనుమానించాను.

దావీదు సీసాలు తెచ్చాడు. ఈసారి పన్నెండు. ప్రతి కుళాయికీ రెండు, చీటీల మీద ఒకటో బిందె, రెండో బిందె అని రాసి ఉంది. ఎవరూ చెప్పకుండానే.

"ఈ పని మొదటి రోజే సేత్తే ఇదంతా లేకపోను" అన్నాడు. "మాయింటిదాని సేతులు నేనే పాడుసేశానండి. నా సేతుల్తో పోశాను ఆ తీగకి."

"రాసింది నేను. నువ్వు రాసినట్టు చేశావు."

"ముద్ర పోతే మీరేం సేత్తారండీ?"

"నీతో సీసాలు మోస్తాను."

"మీరు పగలగొడతారండి" అన్నాడు. వారం రోజుల్లో ఇద్దరం నవ్వడం అదే.

ఆకులకి బదులు పదకొండు చీటీలు రాసి ఇచ్చాను. ఏ ఏడు ఆకు చోట ఆ ఏడు అంకె. బైబిల్లో పెట్టమన్నాను. మధ్యాహ్నం హద్దు ఎత్తివేత కాగితం మీద ముద్ర వేశాను.

నమోదు 4,028
చిత్త కార్తె, పదకొండో రోజు, సోమవారం

సాక్షి గ్లాసు తాగలేదు. చేతులు నిలకడగా ఉన్నాయి.

మూడో ట్యాంకు మెట్ల దగ్గర ఇంతమంది జనాన్ని ఎప్పుడూ చూడలేదు. కాగితం చదివాను. తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరిదో చదివాను. మొదటి బిందె సంగతి, ఆకుల సంగతి, పది చెంబుల సంగతి చెప్పాను. అందరికన్నా గట్టిగా అరిచింది పడవల వీరాసామి.

"పదకొండేళ్లు తాగి మీరు రాయిలాగున్నారు! మీకేవీ కాలేదు, మా నీళ్లు పారబోత్తారా? ఎండల్లో మా పిల్లలకి మీరు పోత్తారా నీళ్లు? ఏదీ, పట్టుకోండి గ్లాసు, సూద్దాం!"

హద్దు ఎత్తేసిన రోజు సాక్షి గ్లాసు తాగకూడదు, జనం ముందు పారబోయాలి. గ్లాసు అప్పటికే నిండి నా చేతిలో ఉంది. అలవాటు కొద్దీ చెయ్యి చాచాను. జనం లెక్కపెట్టారు, కోపంతో, ఒక్కో అంకె రాయి విసిరినట్టు. ఇరవై అయింది. ఒక్క చుక్క తొణకలేదు. నా చెయ్యి నా మాటకి ఎదురు సాక్ష్యం చెబుతోంది, నేను దాన్ని వణికించలేను. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు రూతమ్మ మెట్లెక్కింది. కొంగులోంచి చేతులు బయటికి తీసింది. "ఇటియ్యండమ్మా" అని గ్లాసు తీసుకుంది. తీసుకోవడంలోనే ముంజేతుల మీదుగా నీళ్లు కారాయి. జనం వైపు తిరిగి చెయ్యి చాచింది.

"ఇప్పుడు నాకు లెక్కెట్టండి."

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"లెక్కెట్టండి, వీరాసామీ. నా వలలు తిప్పిపంపావుగా. లెక్కెట్టు."

వీరాసామి ఒకటి అన్నాడు. రెండు అన్నాడు. మిగతావాళ్లు అందుకున్నారు. గ్లాసు ఆమె చేతిలో కొట్టుకుంటోంది. నీళ్లు మెట్ల మీద పడుతున్నాయి, ఆమె చీర మీద పడుతున్నాయి. ఆమె దాచుకోలేదు, దించలేదు. దావీదు కింది మెట్టు మీద నిలబడి నేల వైపు చూస్తున్నాడు. ఏడు దగ్గర జనం ఆగిపోయారు. గ్లాసులో ఇంకేమీ లేదు.

కాసేపటికి వీరాసామి ట్యాంకు వెనక్కి వెళ్లాడు. అడుగు కవాటం తుప్పు పట్టి ఉంది, తిరగలేదు. ఇంకో ఇద్దరు వెళ్లి చెయ్యి వేశారు. నీళ్లు పోయే చప్పుడు మెట్ల దాకా వినిపించింది.

ముద్ర మధ్యాహ్నం పడవలో ఎగువకి వెళ్లిపోయింది. ఈ పుస్తకం అడగలేదు, నా దగ్గరే ఉంది. ఈ నమోదు మొదటి వరసలో చేతులు నిలకడగా ఉన్నాయని రాశాను. ఆ మాట రాయడానికి సిగ్గుపడటం ఇదే మొదటిసారి. రేపటి నుంచి ఆ వరసలో నా చేతుల గురించి రాయను, రూతమ్మ చేతుల గురించి రాస్తాను. ఆమెని అడిగాను, సరేనంది.

ఈరోజు: ఏడు.